"ఏది మంచిదో మీరే చెప్పండక్కా!"

చెల్లెళ్లూ, ఈ నెల ముచ్చట ముఖ్యంగా మీలో ఆశాలుగా, ఏఎన్ఎంలుగా, ఆస్పత్రుల్లో కౌన్సెలర్లుగా పనిచేస్తున్నవాళ్ల కోసం. మిగతావాళ్లూ పేజీ తిప్పెయ్యకండి. ఆడపడుచో, తోడికోడలో, పక్కింటి కొత్త కోడలో, ఎవరో ఒకరు ఏదో ఒకరోజు మీ పక్కన చేరి గొంతు తగ్గించి అడుగుతారు: "ఇప్పట్లో పిల్లలు వద్దనుకుంటున్నాం. ఏది మంచిదో మీరే చెప్పండక్కా!"

జవాబు మన నాలుక చివరే ఉంటుంది. ఇద్దరు పిల్లలుంటే "ఆపరేషన్ చేయించేసుకో, ఓ పనైపోతుంది" అంటాం. ఒక్కరే ఉంటే "కాపర్-టి వేయించుకో" అంటాం. ఆమె తలూపి వెళ్లిపోతుంది. మనకి సాయం చేశామన్న తృప్తి. కానీ ఆ తలూపిన అమ్మాయి మనసులో ఏముందో మనం అడిగామా? ఆమె శరీరం గురించి, ఆమె సంసారం గురించి, ఆమె రాబోయే పదేళ్ల గురించి అరనిమిషంలో మనమే తేల్చి పంపేశాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలు చూస్తే నా మనసు కలుక్కుమంటుంది. 15 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో సుమారు 62 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 38 శాతమే. ఇక మగవాళ్ల ఆపరేషన్ అంటారా, దేశంలో 0.3 శాతం! ఆపరేషన్‌ని నేను తప్పు పట్టడం లేదు. తెలిసి, కోరి చేయించుకున్న ఆడవాళ్లకి అదెంత నిశ్చింతో నాకు బాగా తెలుసు. నా బాధల్లా పాతికేళ్లు నిండకుండానే ఆ బల్ల ఎక్కే పిల్లల గురించి. బిడ్డకీ బిడ్డకీ మధ్య ఎడం పాటించడానికి ఇన్ని దారులున్నాయని వాళ్లని ఒక్కసారైనా కూర్చోబెట్టి చెప్పినవాళ్లెవరు?

ఆమె బదులు మనమే తేల్చేసే ఈ అలవాటు మనకి ఈనాటిది కాదు. 1952లోనే ప్రభుత్వం తరఫున కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన దేశం మనది, ప్రపంచంలో అదే మొదటిది. తర్వాత లెక్కలు, లక్ష్యాలు వచ్చాయి. ఎమర్జెన్సీ రోజుల్లో మగవాళ్లని పట్టుకుపోయి ఆపరేషన్లు చేశారని మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత బరువంతా ఆడవాళ్ల మీదకే మళ్లింది. 1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో నిర్ణయం ఆ స్త్రీదే కావాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. 1996లో మన ప్రభుత్వం లక్ష్యాలు ఎత్తేసింది. కాగితం మీద ఎత్తేసిందే కానీ, "ఈ నెల మీ ఊరి నుంచి ఎన్ని కేసులు?" అన్న మాట మీటింగుల్లో ఎక్కడికి పోయింది చెప్పండి? మనిషిని కేసుగా లెక్కపెడుతున్నంత కాలం ఆమె చెప్పే మాట వినడానికి మనకి చెవులుండవు.

ఇక అసలు సంగతికొద్దాం. నిర్ణయం ఆమెదే కావాలంటే మనమేం చెయ్యాలి? చేతులు కట్టుకుని "నీ ఇష్టం" అనెయ్యడమా? అదీ కాదు. "నీ ఇష్టం" అని వదిలేస్తే ఇంట్లో ఎవరి గొంతు పెద్దదో వాళ్ల ఇష్టమే సాగుతుంది.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. వయసు ఇరవై నాలుగు. పెద్దవాడికి మూడేళ్లు, చిన్నవాడికి ఐదో నెల. పాలిస్తోంది. టీకా రోజున సబ్ సెంటర్‌కి వచ్చింది. వెంట అత్తగారు. అమ్మాయి నోరు విప్పకముందే అత్తగారు అందుకుంటుంది: "ఇద్దరు మగపిల్లలు పుట్టారు కదమ్మా, ఆపరేషన్‌కి రాసేయండి."

ఇక్కడ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ ఈ రోజు నొచ్చుకుంటే రేపు కోడల్ని మన దగ్గరికి రానివ్వదు. "పెద్దమ్మా, మనవడు భలే ఒళ్లు చేశాడే! ఆ త్రాసు దగ్గర తూకం వేయించండి, ఈలోపు అమ్మాయికి బీపీ చూస్తాను" అని మర్యాదగా పక్కకి పంపండి. ఆ నాలుగు నిమిషాల ఏకాంతం చాలా విలువైనది. మూలన ఓ కుర్చీ, ఓ కర్టెన్ ముక్క ఉన్నా చాలు. "ఇక్కడ నువ్వు చెప్పింది నాతోనే ఉంటుంది" అని పైకి చెప్పండి. మనసులో అనుకుంటే సరిపోదు, ఆమె చెవిన పడాలి. ఊళ్లో మన మాట ఎంత తొందరగా పాకుతుందో ఆమెకీ తెలుసు.

తర్వాత అడిగే మొదటి ప్రశ్నలోనే సగం పని ఉంది. "ఆపరేషనా, కాపర్-టియా?" అని అడిగితే ఆ రెండిట్లోంచి ఒకటి ఏరుకుంటుంది, అంతే. "పిల్లల సంగతి నువ్వేమనుకుంటున్నావమ్మా?" అని అడిగి చూడండి.

"ఏమోనండీ. అత్తయ్య ఆపరేషన్ అంటున్నారు."

"అత్తయ్య అంటున్నారు, సరే. నీకేమనిపిస్తోంది?"

ఇక్కడ ఆ పిల్ల ఆగిపోతుంది. కొంగు వేలికి చుట్టుకుంటుంది. మనలో చాలామందికి ఆ మౌనం భరించలేనంత ఇబ్బంది. వెంటనే ఏదో చెప్పేస్తాం, సమాచారం గుమ్మరించేస్తాం. వద్దు తల్లీ. ఆగండి. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. జవాబు వెతుక్కోవడానికి ఆమెకి కాస్త సమయం కావాలి.

"నాకైతే ఓ ఆడపిల్ల కూడా ఉంటే బాగుండుననిపిస్తుందండీ... ఇప్పుడు కాదులెండి. ముందు మళ్లీ మిషన్ కుట్టడం మొదలుపెట్టాలి."

చూశారా! అత్తగారి మాట మీద రాసేసి ఉంటే ఈ మాట ఎప్పటికీ బయటికొచ్చేది కాదు. ఇప్పుడు మనం చెయ్యాల్సింది ఆ మాటనే ఆమెకి తిరిగి వినిపించడం. "అంటే ఇప్పట్లో వద్దు, పూర్తిగా వద్దని మాత్రం అనుకోవట్లేదు. ఆ మాట ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. అంతేనా?" అవునంటుంది. కాకపోతే "అబ్బే, అలా కాదండీ" అని సరిదిద్దుతుంది. ఎలాగైనా మేలే. తన మనసులో ఉన్నది తనకే స్పష్టంగా వినబడుతుంది. ఇంకోసారి పుట్టేది ఆడపిల్లే అవుతుందని ఎవరం చెప్పలేం, ఆ మాటా సందర్భం చూసి అనండి. కానీ "ఇంకా ఆశేనా?" అని దీర్ఘం తియ్యకండి. ఒక్క దీర్ఘం చాలు, తలుపు మూసుకుపోతుంది.

ఇది నా సొంత తెలివి కాదు. అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల నుంచీ చెబుతూ వచ్చిన సంగతే. మన దగ్గరికి వచ్చిన మనిషికి మనం దారి చూపించక్కర్లేదు, తన దారి తాను చూసుకోగలిగే వాతావరణం కల్పిస్తే చాలన్నాడాయన. 1957లో రాసిన వ్యాసంలో అందుకు కావలసినవి చెప్పాడు: ఎదుటి మనిషి కళ్లతో చూడగలగడం, షరతులు లేకుండా గౌరవించడం, మనం నటించకుండా ఉండడం. పుస్తకాల్లో పెద్ద సిద్ధాంతంలా కనిపిస్తుంది. మన సబ్ సెంటర్ బెంచీ మీద అదంతా ఒక్క చూపులో, ఒక్క పలకరింపులో తేలిపోతుంది.

కుటుంబ నియంత్రణ కౌన్సెలింగ్ శిక్షణలో ఆరు మెట్లు నేర్పుతారు: పలకరించడం, అడగడం, చెప్పడం, ఎంచుకోవడానికి సాయపడడం, ఎంచుకున్నదాన్ని వాడే తీరు వివరించడం, మళ్లీ రమ్మనడం. నేను గమనించిందేమిటంటే మనం మూడో మెట్టు మీదే కాపురం పెట్టేస్తాం. చార్టు తీసి గడగడా చదివేస్తాం. అసలు మనిషి ఉండేది రెండో మెట్టు దగ్గర. అక్కడ సరిగ్గా అడిగితే మూడో మెట్టు దగ్గర చెప్పాల్సింది సగానికి సగం తగ్గిపోతుంది. ఇంకా బిడ్డ కావాలనుకునే ఈ పిల్లకి ఆపరేషన్ గురించి పాఠం ఎందుకు? అది శాశ్వతమైనది, మళ్లీ ట్యూబులు కలిపినా కడుపు పండుతుందన్న హామీ లేదు. ఆ ఒక్క మాట చాలు.

చెప్పేముందు కూడా ఓసారి అడగండి, "వీటి గురించి నువ్వేం విన్నావు?" అని. అప్పుడు పుకార్లు బయటికొస్తాయి.

"కాపర్-టి పైకెళ్లి గుండెకి గుచ్చుకుంటుందటగా!"

నవ్వకండి. "ఎవరు చెప్పారు ఈ పిచ్చి మాటలు?" అని కసరకండి. "అలా ఎవరికైనా అయిందా?" అని అడిగితే, ఆ వీధిలో ఎవరికో కాపర్-టి వేయించుకున్నాక నెలసరిలో రక్తం బాగా పోయి నీరసపడి తీయించేసుకున్న కథ బయటికొస్తుంది. భయం అబద్ధం కాదు, కారణం మాత్రం వేరు. అప్పుడు చెప్పండి: గర్భసంచి నుంచి గుండెకి దారే లేదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు రుతుస్రావం, నొప్పి కాస్త ఎక్కువగా ఉండొచ్చు, చాలామందిలో తర్వాత తగ్గుతుంది. ఒక్కోసారి జారిపోవచ్చు. వేసేటప్పుడు గర్భసంచి గోడకి గుచ్చుకోవడం చాలా అరుదు, అందుకే శిక్షణ పొందినవాళ్లే వేస్తారు. 375 రకం ఐదేళ్లు, 380ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకున్న రోజున తీసేయొచ్చు. ఈ పిల్లకి రక్తం తక్కువగా ఉందేమో మాత్రం ముందు చూడాలి.

అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు 2017లో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చాయి. అంతర మూడు నెలలకోసారి. దానితో నెలసరి క్రమం తప్పుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ఆగిపోతే "చెడు రక్తం లోపల పేరుకుపోతోంది" అని మనవాళ్లు బెంబేలెత్తిపోతారు. అలా పేరుకునేదేమీ ఉండదని ఇంజెక్షన్ వేయకముందే చెప్పాలి, వేశాక కాదు. ఇంకోటి, ఆపేశాక కడుపు రావడానికి సమయం పడుతుంది, సగటున చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు నుంచి పది నెలలు. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునే అమ్మాయికి ఈ సంగతి దాచిపెడితే అది మోసమే.

ఛాయ మన లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో పుట్టిన మందు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒక్కటే. పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. రోజూ వేసుకునే మాలా-ఎన్ ఈ పిల్లకి ఇప్పుడు తగదు, బిడ్డకి ఆరు నెలలు నిండాలి. నిరోధ్ సంగతి అందరికీ తెలుసు. సుఖవ్యాధుల నుంచి కాపాడేది అదొక్కటేనని మాత్రం మరిచిపోకుండా చెప్పండి.

"ఇబ్బందులన్నీ చెబితే భయపడి పారిపోతారక్కా" అని ఓ చెల్లి నాతో వాదించింది. నిజానికి జరిగేది దానికి ఎదురు. ఇంజెక్షన్ వేసే ముందే నెలసరి మార్పుల గురించి వివరంగా చెప్పిన స్త్రీలలో మధ్యలో మానేసినవాళ్లు తక్కువని చైనాలో, మెక్సికోలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. చెప్పకుండా వేస్తే రెండో నెలలో బెదిరిపోయి మానేస్తారు, మనమంటే నమ్మకం పోతుంది, వీధిలో మరో పుకారు పుడుతుంది.

చెప్పడం అయ్యాక ఆమె మాటల్నే ఒకచోట పేర్చి ముందు పెట్టండి. "మూడేళ్ల దాకా వద్దన్నావు. మిషన్ పనిలో పడితే మాత్రలు గుర్తుండవన్నావు. నెలసరిలో ఎక్కువ పోతే నీరసమన్నావు. ఇవన్నీ చూసుకుంటే నీకు ఏది కుదురుతుందనిపిస్తోంది?" అప్పుడామె అటూ ఇటూ బేరీజు వేసుకుంటుంది. మధ్యలో మళ్లీ అదే ప్రశ్న వేస్తుంది: "మీరైతే ఏం చేస్తారక్కా?" ఇది గట్టి పరీక్ష. ప్రేమగా అడిగింది కదా అని చెప్పేస్తే ఇంతసేపూ పడ్డ శ్రమ నీళ్లపాలు. "నా ఒళ్లు వేరు, నా ఇంటి సంగతులు వేరు తల్లీ. నీకేది ఎక్కువ ఇబ్బందో చెప్పు, అక్కణ్నుంచి చూద్దాం" అనండి. వైద్యపరంగా ఏదైనా తగకపోతే మాత్రం మొహమాటపడకుండా "ఇది నీకు కుదరదు, కారణమిది" అని స్పష్టంగా చెప్పాలి. అది సలహా కిందకి రాదు, మన బాధ్యత.

"ఆలోచించుకుని చెబుతానండీ" అని లేచిందనుకోండి. చాలా సంతోషం. చాలామంది దీన్ని ఓటమిలా తీసుకుంటారు, నేనైతే మంచి సూచనగానే చూస్తాను. ఆలోచించే హక్కు తనకుందని ఆమెకి తెలిసింది. ఖాళీ చేతులతో మాత్రం పంపకండి, అప్పటిదాకా నిరోధ్ ప్యాకెట్లు ఇచ్చి, ఏ రోజు రావాలో చెప్పి పంపండి. వీలైతే భర్తని కూడా తీసుకురమ్మనండి. కోత, కుట్లు లేకుండా మగవాళ్లకి చేసే ఆపరేషన్ ఉందని, దానివల్ల బలం తగ్గదని, చేయించుకున్నాక మూడు నెలలు జాగ్రత్తపడి వీర్య పరీక్షతో ఖాయం చేసుకోవాలని ఆయనకీ చెప్పండి. వినేవాడు వింటాడు. మనం చెప్పకుండానే "మగవాళ్లు ఒప్పుకోరు" అని రాసిపెట్టేసుకున్నాం.

వాడి చూసి నచ్చక మానేస్తానని వస్తే ముఖం మాడ్చుకోకండి. "మంచి పని చేశావు వచ్చి, ఏం ఇబ్బందైంది?" అని మళ్లీ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.

ఆపరేషనే కావాలని గట్టిగా నిశ్చయించుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లని వెనక్కి లాగడం మన పని కాదు. కానీ ఒక కష్టమైన ప్రశ్న అడగక తప్పదు: "దేవుడు చల్లగా చూడాలి కానీ, రేపు పరిస్థితులు మారి మళ్లీ బిడ్డ కావాలనిపిస్తే ఎలా అని ఎప్పుడైనా ఆలోచించావా?" చిన్న వయసులో చేయించుకున్నవాళ్లలో తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ప్రశ్నకి తడబడకుండా జవాబిస్తే, ఇక సంతోషంగా పంపండి. తడబడితే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చోండి.

కొన్నిచోట్ల ఇదంతా సరిపోదు. ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే, "మాత్రలు దొరికితే చంపేస్తాడండీ" అని వణికితే, ముందు చూడాల్సింది ఆమె ప్రాణం. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చెప్పండి, హింసకి గురైన స్త్రీలకి అండగా ఉండే సఖి కేంద్రం సంగతి చెప్పండి. అప్పుడు కూడా ఎప్పుడు ఫోన్ చెయ్యాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. ఆ ఇంట్లో రాత్రికి ఏం జరుగుతుందో మనకంటే ఆమెకే బాగా తెలుసు.

మరో మాట. నిన్నటిదాకా "ఇద్దరు చాలు" అన్నారు. ఇప్పుడు గాలి మారింది. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఎత్తేసింది. ఎక్కువమందిని కనండన్న మాటలు నాయకుల నోట వినిపిస్తున్నాయి. ఎక్కువైనా, తక్కువైనా మొయ్యాల్సింది, కనాల్సింది, పాలివ్వాల్సింది ఆ అమ్మాయే. రేపు పైనుంచి ఏ మాటొచ్చినా, మన బెంచీ మీద అడిగే ప్రశ్న మారకూడదు.

"ఇంత టైమెక్కడిదక్కా?" అంటారు. తెలుసు. ఒక చేత్తో రిజిస్టరు, ఇంకో చేత్తో ఫోను, పైగా ఆన్‌లైన్‌లో ఎంట్రీలు. మీ కష్టం నేను ఎరగనిది కాదు. అందరితో అరగంట కూర్చోమని నేననడం లేదు. ఒక్కొక్కరికి ఒక మంచి ప్రశ్న, ఆ తర్వాత పది లెక్కపెట్టేంత మౌనం. అంతే అడుగుతున్నాను.

చివరగా ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, మీ దగ్గరికి వచ్చిన ప్రతి అమ్మాయికీ చెప్పండి. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరాల్లో ఆపరేషన్లు చేయించుకున్న స్త్రీలలో 10 మందికి పైగా చనిపోయారు. ఆ ఘోరాన్నీ పరిగణనలోకి తీసుకుని, దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆపరేషన్ వల్ల కలిగే పరిణామాలన్నీ ఆమెకి తెలిసిన భాషలోనే వివరించాలని, మనసు మార్చుకోవడానికి వీలుగా ఓ గంటసేపైనా వ్యవధి ఇవ్వాలని చెప్పింది. ఆపరేషన్‌కి భర్త సంతకం తప్పనిసరి కాదు. బల్ల ఎక్కబోయే క్షణంలో వద్దన్నా సరే, ఆమెకి అందే మిగతా వైద్యం ఏదీ ఆపకూడదు.